బిల్డు బాబాయిగారు కదపనివ్వని ప్రోగ్రాములు

పంతొమ్మిది వందల తొంభై నాలుగు జూన్ ఇరవయ్యవ తేదీ, సోమవారం ఉదయం, మన సంస్థ ఇంకా రెండు గదులకే పరిమితమై ఉన్న కాలంలో ప్రోగ్రామరుగా ఉద్యోగంలో చేరిన మా సహోద్యోగి ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. వారి అసలు పేరు జీతాల విభాగానికి తెలుసు. తక్కిన అందరికీ వారు బిల్డు బాబాయిగారే. సన్మానం మీద వారికి పెద్దగా ఆసక్తి లేదు. ఉన్నదల్లా ఒకటే బెంగ: తాము ఇంతకాలం పట్టుబట్టి మాన్పించిన ఒక అలవాటు, తాము వెళ్ళగానే ఈ కార్యాలయంలో మళ్ళీ తల ఎత్తుతుందేమోనని.

ఆ అలవాటేమిటో మన కార్యాలయ పత్రిక చదివే కుటుంబ సభ్యుల కోసం మనవి చేస్తాను. ఆస్పత్రులకూ వాటి ప్రయోగశాలలకూ మనం తయారుచేసే ప్రోగ్రాములన్నీ తేదీలు, కొలతలు, రోగుల వివరాలు చూసే ఒకే ఉమ్మడి లైబ్రరీ మీద, అంటే అన్నీ పంచుకునే ఒక కోడు భాగం మీద, ఆధారపడి పనిచేస్తాయి. తొలినాళ్ళలో ఆ లైబ్రరీలో ఏ చిన్న మార్పు జరిగినా ప్రోగ్రాములన్నింటినీ మొదటినుంచి బిల్డ్ చేసి, అంటే రాసిన కోడు నుంచి కొత్తగా తయారుచేసి, ప్రతి ఆస్పత్రిలోనూ తిరిగి పరీక్షించి అప్పగించేవాళ్ళం. దాన్ని జాగ్రత్త అనుకునేవాళ్ళం, నిజానికి భయం. బాబాయిగారూ కొన్నేళ్ళు అదే భయంతో, అపారమైన శ్రద్ధతో ఆ పని చేశారు.

ఒకసారి లైబ్రరీలో తేదీల లెక్కను సరిదిద్దినప్పుడు, ఆ లెక్కతో ఏ సంబంధమూ లేని రిపోర్టుల ముద్రణ ప్రోగ్రామును కూడా అలవాటు కొద్దీ మళ్ళీ బిల్డ్ చేశాం. అందులో ఒక సెట్టింగు తారుమారై, మర్నాడు ఒక ఆస్పత్రిలో రక్తపరీక్షల రిపోర్టులు తెల్లకాగితాలుగా వచ్చాయి. ఆ పూట శస్త్రచికిత్సలు వాయిదా పడ్డాయి. ప్రయోగశాల అధికారిణి ఫోనులో బాబాయిగారిని ఒక్క మాటే అడిగారు. "నిన్నటిదాకా బాగానే ఉందిగా, దాన్నెందుకు కదిపారు?" ఆ మాటను వారు ఎదురుగా ఉన్న కాగితం మీద రాసుకోవడం నేను పక్క బల్ల నుంచి చూశాను.

వారి పద్ధతి ఆ ప్రశ్నలోంచి పుట్టింది. కొత్త లైబ్రరీ రాగానే పాతదాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి, బయటి ప్రోగ్రాములకు కనిపించే భాగాన్ని సరిపోల్చేవారు: లైబ్రరీలో ఒక్కో పని చేసిపెట్టే ఏ ఫంక్షను ఏమి పుచ్చుకుంటుంది, ఏమి తిరిగి ఇస్తుంది, వివరాలు ఏ వరుసలో, ఎంత చోటులో ఉంటాయి. అవి మారకపోతే లైబ్రరీని మాత్రమే మార్చి, ప్రోగ్రాముల జోలికి ఎవరినీ పోనిచ్చేవారు కాదు. మారితే, ఆ భాగాన్ని వాడుకునే ప్రోగ్రాములనే బిల్డ్ చేయించేవారు.

"ఎందుకైనా మంచిది, అన్నీ చేసేద్దాం బాబాయ్" అంటే, "ఎందుకో చెప్పు, చేద్దాం" అనేవారు. చెప్పగలిగినవాళ్ళు తక్కువ.

ఇంతటి నిగ్రహశీలి ఇంట్లో ఎలా ఉంటారన్న సందేహం వారి సతీమణి తీర్చారు. "ఆఫీసులో దేన్నీ ముట్టుకోనివ్వరట కదా. మా ఇంట్లో కుళాయి కారుతోందంటే గోడంతా తవ్వించారు. వాషరు మారిస్తే పోతుందండీ అని ప్లంబరు మొత్తుకున్నా వింటేనా." పక్కనే ఉన్న బాబాయిగారు తల ఎత్తకుండా, "లోపల పైపు పాతది కదా, ఎందుకైనా మంచిదని" అని గొణిగారు. స్నానాల గదిలో రంగు కలవని పలకలు ఇప్పటికీ ఉన్నాయి.

గత నెలలో వారు సెలవులో ఉండగా, ఒక భద్రతా లోపాన్ని సరిదిద్దిన కొత్త లైబ్రరీ విడుదలైంది. మన బృందం వారికి ఫోను చేయలేదు. తిరిగి వచ్చి చూస్తే ప్రోగ్రాములన్నీ కదపకుండా ఉన్నాయి. మందుల నిల్వల ప్రోగ్రాము ఒక్కటి మాత్రం కొత్తగా బిల్డ్ అయి ఉంది. వారి ముఖం మారిపోయింది.

"బయటికి కనిపించేదేదీ మారలేదు కదమ్మా, దీన్నెందుకు ముట్టుకున్నారు?" అని మన ప్రోగ్రాముల పరీక్షల విభాగం అధిపతిని కాస్త కటువుగానే అడిగారు.

"ఈ ఒక్కదాన్ని ఎప్పుడో లైబ్రరీని లోపలే కలిపేసి బిల్డ్ చేశారు బాబాయ్. బయట లైబ్రరీ మార్చినా దీని కడుపులో పాతదే ఉంటుంది. లోపం అలాగే ఉండిపోతుంది."

బాబాయిగారు కుర్చీ లాక్కుని కూర్చుని స్వయంగా పరిశీలించారు. "నేనైతే దీన్ని వదిలేసేవాణ్ణి" అన్నారు. "నాకు ఫోన్ చెయ్యాలనిపించలేదా?" అని అడిగారు.

"అవసరం పడలేదు బాబాయ్."

ఆ మాటకు వారి బెంగ తీరింది. మనసు కొంచెం చివుక్కుమంది కూడా. రెండూ నాతో చెప్పి, రెండూ రాయమన్నారు.

బాబాయిగారికీ, వారి సతీమణికీ సంపూర్ణ ఆరోగ్యాన్నీ, ప్రశాంతమైన దీర్ఘాయువునూ మేమంతా మనసారా కోరుకుంటున్నాము. ఇకమీదట ఏ లైబ్రరీ మారినా వారికి ఫోను చేయవలసిన అవసరం రాకుండా చూసుకుంటాము. అయినా చేస్తూనే ఉంటాము. దయచేసి ఎత్తవలసిందిగా ప్రార్థన.