యాకోబు తాత తొడకింద ఒట్టు

ఇంకా ఎంత కుక్కుతావయ్యా రమేషూ ఆ పెట్టెలో! రెండు కంబళ్ళు, టార్చిలైటు, పాలపొడి డబ్బాలు, మామగారికి గడ్డం గీసుకునే మిషను... జిప్పు ఏడుస్తోంది చూడు. వదిలెయ్. రేపు సాయంత్రం కదా నీ విమానం? ఇటు రా. ఇంకా దగ్గరికి. నా గొంతు పెద్దదే గానీ, ఈ సౌదీ కొండల్లో, ఖమీస్ ముషైత్ చలిలో అరిచి చెప్పే కథ కాదిది. టీ తీసుకో. కూర్చున్నావా? బిస్మిల్లా.

ఊరికి పోయే ప్రతివాడూ ఇంతే. ఏమేం తీసుకెళ్ళాలా అని తూకాలు వేస్తాడు. ఎవర్ని తీసుకెళ్ళాలా అని ఒక్కడూ ఆలోచించడు.

నవ్వకు. ఈ గదిలోనే, ఆ ఎదురు మంచం మీద, యాకోబు తాత ఉండేవాడు. టైల్స్ మేస్త్రీ. మా నరసరావుపేట వైపు మనిషి. భార్య రత్తమ్మ పోయాక ఊరి మాట ఎత్తేవాడు కాదు.

ఆయనకి తన పేరంటే మహా గర్వం. శుక్రవారం పూట సిమెంటు చేతులు కడుక్కుని, గొంతు తగ్గించి పితరుల కథలు చెప్పేవాడు. అబ్రాహాము పరదేశి. ఇస్సాకు పరదేశి. యాకోబైతే ముసలితనంలో ఐగుప్తు దేశం వెళ్ళి అక్కడే కన్నుమూశాడు. "కన్నుమూశాడు గానీ అక్కడ పడుకోలేదురా! నన్నిక్కడ పాతిపెట్టొద్దని కొడుకు యోసేపు చేత ఒట్టు వేయించుకున్నాడు. కొడుకు మోసుకెళ్ళి తాతతండ్రుల గుహలో పెట్టాడు" అనేవాడు. ఐగుప్తేదో మన క్యాంపు అయినట్టూ, అక్కడి రాజు ఫరో ఏదో మనల్ని పనిలో పెట్టుకున్న కఫీలు అయినట్టూ చెప్పేవాడులే.

యాకూబ్ నబీ మాకూ పెద్దాయనే, ఆయనకు సలాం. పోయేముందు కొడుకుల్ని దగ్గర కూర్చోబెట్టుకున్నాడని మా కితాబులోనూ ఉంది. అందుకే నేనూ చెవి ఒగ్గి వినేవాణ్ణి.

"నువ్వు ఊరికి పోవేం తాతా?" అని అడిగితే ఒకటే జవాబు. "పోతాగా, పెట్టెలో. పోయి రత్తమ్మ పక్కన పడుకుంటా."

సరే. తొంభై ఒకటి జనవరి. యుద్ధం మొదలైంది. ఇక్కడి బేసు నుంచి విమానాలు లేస్తుంటే గ్లాసుల్లో టీ వణికేది. రియాద్ మీద స్కడ్ మిసైళ్ళు పడుతున్నాయని రేడియో. గ్యాసు బాంబులు కూడా వేస్తారట, సందులన్నీ మూసుకోమన్నారు. పెద్ద సార్లకు మాస్కులొచ్చాయి. మనకో? తడి తువ్వాళ్ళు, ప్లాస్టిక్ టేపు! మా ఎలక్ట్రీషియన్ మల్లేశం చేతిలో టేపు పడిందంటే ఆగుతాడా? కిటికీ అంటించాడు, తలుపు సందు అంటించాడు, ఎగ్జాస్టు ఫ్యాను అంటించాడు, ఆఖరికి గోడలో మేకు పీకిన చిల్లు కూడా వదల్లేదు. చీమకైనా ఊపిరాడదు.

ఆ శుక్రవారం వంట వంతు లింబాద్రిది. ఆర్మూరు మనిషి, సెంట్రింగు పని. మాటంటే మాట, అంత గట్టివాడు. పొయ్యి గదిలోనే ఓ మూల. పప్పులోకి పోపు పెట్టాలి కదా? కాగే నూనెలో గుప్పెడు ఎండుమిరపకాయలు పడేశాడు.

ఆలోచించావా? టేపు వేసిన గది!

తాత గోడవైపు తిరిగి కునుకు తీస్తున్నాడు. ముందు ఒక తుమ్ము. తర్వాత దగ్గు. కళ్ళు మంట. లేచి చూస్తే గదంతా తెల్లటి పొగ, అందరూ దగ్గుతూ కళ్ళనీళ్ళు కారుస్తున్నారు. ఆయనకింకేం సందేహం? గ్యాసు వచ్చేసింది!

మరొకడైతే పరిగెత్తును. ఈయన యాకోబు కదా! మంచం మీద దర్జాగా సర్దుకుని, తడి తువ్వాలు అవతల పారేసి, "బిడ్డలారా, అందరూ నా దగ్గరికి రండి" అన్నాడు. కథలో యాకోబుకైతే పన్నెండుమంది కొడుకులు, ఇక్కడ ఉన్నది ముగ్గురం. ఉన్నవాళ్ళతోనే మొదలుపెట్టాడు.

"మల్లేశం! పెద్దకొడుకులాంటివాడివి, కానీ నిలకడ లేదు. నేను డ్యూటీకి పోగానే నా మంచమెక్కి నా దుప్పట్లో దూరతావు. నాకు తెలీదనుకున్నావా?"

"దగ్గుతోని సస్తుంటే గిప్పుడు దుప్పటి ముచ్చటెందుకే తాతా!"

"మస్తాన్ వలీ! ఇన్నేళ్ళూ నీ బిర్యానీ బాగుందన్నాను. దేవుని ముందుకు పోతూ అబద్ధమెందుకు? బాగోదు."

చూశావా అబ్బాయ్! చావబోతూ తెరిచిన నోరు నా బిర్యానీ మీదే తెరవాలా?

లింబాద్రి గరిటె పట్టుకుని నిలబడ్డాడు. ఇది నా పోపేనని చెప్పబోతాడు, దగ్గు చెప్పనివ్వదు.

"లింబాద్రీ, నువ్వు నా యోసేపువి. నీ చెయ్యి నా తొడకింద పెట్టు."

"తొడకిందనా? తలకాయ మీద వెడితే ఒట్టు గాదా తాతా?"

"మీ ఊళ్ళో తల. మా పితరులకి తొడ. పెట్టరా, ఊపిరి పోతోంది!"

పెట్టాడు. రెండో చేతిలో గరిటె అలాగే ఉంది, లుంగీ మీద నూనె చుక్కలు పడుతున్నాయి.

"నన్నీ దేశంలో పాతిపెట్టనివ్వనని, మా రత్తమ్మ పక్కకి చేరుస్తానని చెప్పు."

"చేరుస్త తాతా. నువ్వు పొయ్యేదాక ఈడికెల్లి కదల. మా ఎల్లమ్మ తల్లి మీద ఒట్టు."

అప్పుడు మల్లేశం టేపు పీకి తలుపు తీశాడు. పొగ పోయింది. తాత పోలేదు.

ఇహ చూడు! చావబోతూ అందరి గుట్టూ విప్పినవాడు, అందరితోపాటు అదే గదిలో బతకాలి. మల్లేశం మొహం చూపించడు. నేను బిర్యానీ మానేశాను, అడిగినా వండలేదు. "మరి ఒట్టు సంగతేంది?" అని తాతని అడిగాను. నవ్వేస్తాడనుకున్నా. నవ్వలేదు. "ఊపిరి తిరిగొచ్చింది గానీ ఒట్టు తిరిగి రాదు" అన్నాడు. లింబాద్రి అంతకంటే గట్టిగా తల ఊపాడు. తన పోపు పెద్దమనిషి ప్రాణం మీదికి తెచ్చిందని వాడి బెంగ.

యుద్ధం ఆగింది. ఊరికి పోయే విమానాలు మళ్ళీ తిరిగాయి. లింబాద్రికి సెలవొచ్చింది. పోలేదు! "నేను పోయినంక తాత పోతే ఎట్ల?" అంటాడు. మరో ఏడాది. మళ్ళీ సెలవు. మళ్ళీ పోలేదు. పొద్దున లేవగానే తాత ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేవాడు. ఊపిరాడుతుంటే "ఇయ్యాల గూడ లేదు" అనుకుని డ్యూటీకి పోయేవాడు.

నవ్వు, నవ్వు. తాత కూడా నవ్వేవాడు. ఆర్మూరులో వాడి పెళ్ళాం జయ మాత్రం నవ్వలేదు. కూతురికి నాయన మొహం తెలీదు, క్యాసెట్టులో గొంతే తెలుసు.

అప్పుడు మనకి ఫోన్లెక్కడివి? క్యాసెట్టులో మాట్లాడి, వచ్చేవాళ్ళ చేతికిచ్చి పంపేవాళ్ళు. పెళ్ళాం క్యాసెట్టైతే ముసుగేసుకుని వినడం మర్యాద. ఓ రోజు జయ క్యాసెట్టొచ్చింది; లింబాద్రి మొదటి మాట విని, ముసుగు తీసి, అందర్నీ పిలిచాడు. ఆ మొదటి మాటే అలా ఉంది మరి: "తాతను ముంగట కూసోవెట్టు."

కూర్చోబెట్టాం.

"శనార్థి తాతా. నేను లింబాద్రి పెండ్లాన్ని, జయను. నువ్వు నూరేండ్లు బతుకు, నాకేం కడుపుమంట లేదు. గని సచ్చినంక నిన్ను మోసుకురానీకి మా మనిషి ఆడనే కూసున్నడు. బతికున్నప్పుడు తోల్కరావద్దని మీ పుస్తకంల ఏమన్న రాసుందా? సచ్చినోన్ని మొయ్యాలె. బతికున్నోడు తనకు తానే నడుస్తడు. గింత సోయి అంతమంది మొగోళ్ళల్ల ఒక్కనికి లేకపాయె!"

క్యాసెట్టు గరగరలాడి ఆగింది. మేం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. మొగోళ్ళం కదా.

తాత ఆ క్యాసెట్టు తీసి చేతిలో పట్టుకున్నాడు. అప్పుడు చెప్పాడు.

"రత్తమ్మ పోయినప్పుడు కఫీలు ఊళ్ళో లేడు. ఆయన సంతకం లేందే దేశం దాటే ఎగ్జిట్ లేదు. అక్కడ దాన్ని మట్టిలో పెడుతుంటే, నేనిక్కడ ఎవరిదో స్నానాల గదికి టైల్స్ అతికిస్తున్నా. ఇప్పుడు పోయి సమాధి ముందు నిలబడితే అడగదూ, ఏడున్నావయ్యా అని? ఏం చెప్పను? శవంగా పోతే పక్కన పడుకోబెడతారు. జవాబు చెప్పే పని ఉండదు."

ఇదయ్యా, ఇన్నాళ్ళ నవ్వు వెనకున్నది!

లింబాద్రి వెళ్ళి తాతని ఆనుకుని కూర్చున్నాడు. "నువ్వు మాట్లాడకు తాతా. నేనే మాట్లాడుత. నువ్వు నా పక్కకు నిలవడు, సాలు."

నెల తిరక్కుండా ఇద్దరూ ఒకే విమానమెక్కారు. ముందు ఆర్మూరు పోతే, జయ ఇద్దరికీ అన్నం పెట్టి, బిడ్డని చంకనేసుకుని తనూ బయల్దేరిందట. "మీ ఇద్దర్నే తోలిస్తే తొవ్వల మల్ల ఏం ఒట్లు వెట్టుకుంటరో!" అని.

సమాధి దగ్గర లింబాద్రి చెప్పులు విడిచి నిలబడ్డాడు. "అవ్వా, నీ మనిషిని తెచ్చిన. ఆలిశమైంది. తిట్టేదుంటే నన్ను తిట్టు." అంతే అన్నాడట. మాట్లాడొద్దని లింబాద్రి చెప్పినా, తాత మాత్రం ఆగలేదట. పొద్దుగూకేదాకా ఆయనే మాట్లాడాడట.

ఇంకొన్నాళ్ళు బతికి, తన ఊళ్ళో తన మంచం మీదే పోయాడు. ఆయన కోసం ఎవరూ సముద్రం దాటాల్సిన పని పడలేదు.

కాబట్టి రమేషూ, మిగతా కథంతా మర్చిపోయినా పర్లేదు. లింబాద్రి చేసిన ఒక్క పని గుర్తుంచుకో. బతికున్న మనిషి చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకెళ్ళాడు. నువ్వూ అది చెయ్యి. నీ తర్వాత పోయేవాడికి చెప్పు, వాడూ చేస్తాడు.

ఎవర్నంటావా?

ఊరికి పోయే ప్రతివాడికీ ఈ కథ చెప్పాను అబ్బాయ్. అందరూ కళ్ళు తుడుచుకుంటారు. "భలే చెప్పావు చాచా" అంటారు. ఊళ్ళో మీ ఆవిడ ఫాతిమాకి ఏమన్నా చెప్పమంటావా అని అడిగి మరీ వెళ్ళిపోతారు. నన్ను కఫీలు ఎప్పుడంటే అప్పుడు పొమ్మన్నాడు. ఇన్నేళ్ళకి ఒక్కణ్ణే పోయి ఫాతిమా గుమ్మంలో నిలబడాలంటేనే, నాకు కాళ్ళు రావు.

నోరు తెరిచి అడగొచ్చు కదా అంటావు. నిజమే. ఎన్ని కథలైనా చెప్తుందీ నోరు. నన్ను తీసుకుపో అనే ముక్క మాత్రం దీనికి రాదయ్యా.