ప్లేటెక్కిన పుల్లయ్య బ్యాండు

అది 1956 వైశాఖం. డోన్ స్టేషన్ ఎదుట శేషన్న టీ అంగట్లో నా బండి కోసం కాచుకొని కూర్చున్నాను. బండి ఎంత ఆలస్యమో స్టేషను మాస్టరుకే తెలియదు. ఆయన ఇంగ్లీషులో ఒక మాట, తెలుగులో ఒక మాట చెప్పేవాడు, రెండూ నిజం కాలేదు. సరే, ఆ సంగతి వదిలేద్దాం. అంగట్లో పెండ్లి బ్యాండు నడిపే పుల్లయ్య, అదే బ్యాండులో క్లారినెట్ వాయించే లేవి ఉన్నారు. వాళ్ల ఎదురుగా ప్యాపిలి రైతు గోపన్న, కూతురి పెండ్లికి బ్యాండు మాట్లాడడానికి వచ్చి కూర్చున్నాడు. ఆ నెలలో తమకు ఒక్క పెండ్లీ కుదరలేదని లేవి అంతకుముందే నా చెవిలో చెప్పుకొని బాధపడ్డాడు. గోపన్న తువ్వాలు కొసన ఆకూ వక్కా ముడేసి ఉన్నాయి. మేళం ఖాయమైతే దాన్ని నడిపేవాడి చేతిలో తాంబూలం పెట్టడం అక్కడి వాడుక. పుల్లయ్య చెయ్యి చాపితే సరిపోయేది. నోరు తెరిచినాడు.

"గోపన్నా, మా పాట గ్రామఫోను ప్లేటుకెక్కిన సంగతి నీకు తెలుసునా? మొదట అది పాటే కాదప్పా, ఒగ ముక్క. ఈ లేవి పొద్దున్నే క్లారినెట్ పీక నానబెట్టుకోని, పలుకుతాదో లేదో అని ఊదుకుంటాండె. 'రేయ్, ఇంగోసారి ఊదు' అంటి. దాని వెనక నేను డోలు కలిపితి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? రాయచోటి పెండ్లిలో వాయిస్తే పెండ్లికొడుకు అవ్వ కండ్లు ఒత్తుకునె."

"పొగ తగిలింటాది," అన్నాడు శేషన్న, పొయ్యి ఊదుకుంటూ.

"నీ పొయ్యి సంగతి కాదులేప్పా. అప్పటికి పాట ఇంకా పచ్చిగా ఉండాది. వీధి ఎంత పొడుగుంటే పాట అంత పొడుగు, విడిదిల్లు వస్తేగానీ నిలబడదు. ఊరికింత చెక్కుకుంటా వస్తిమి. యాడ జనం ఆవలిస్తే ఆడ కత్తిరిస్తిమి. మంగంపేట ముగ్గురాయి గనికాడ వాయించేసరికి పదునెక్కిపాయె. గడ్డపార ఎత్తిన కూలోళ్లు ఎత్తినట్లే నిలబడిరి. కింద రాయి దానంతటదే పగిలె!"

"అట్లయితే కూలోళ్లకు పని యాడుంటాది?" అన్నాడు గోపన్న.

"ఆ పాపం మనకెందుకని ఆడ మళ్లా వాయించలేదు. ఈ సంగతి మద్రాసులో ప్లేట్ల కంపెనీకి తెలిసిపాయె. పిలిపించిరి. గది నడుమ ఒగే మైకు. టోపీ పెట్టుకున్న ఒగాయన, 'మూడు నిమిషాలే, అంతకు మించి ప్లేటు పట్టదు. కదలకుండా నిలబడి వాయించండి' అనె. నిలబడి వాయించేది మాకు యాడ అలవాటప్పా? ఇరవై ఏండ్లుగా ఊరేగింపుల్లో నడుస్తానే ఉండాం. కాలు కదిలితేగానీ చెయ్యి ఆడదు. ఎర్రదీపం వెలిగె. మేము నడిస్తిమి."

"యాడికి?" అన్నాడు గోపన్న.

"వాకిలి తెరిచుంటే యాడికేంది, వీధిలోకి! టోపీ ఆయన మైకు ఎత్తుకోని, తీగె ఈడ్చుకుంటా మా వెనకాల ఉరుకుతాండాడు. రిక్షాలు నిలబడిపాయె. పోలీసాయన చెయ్యి ఎత్తినోడు దించలేకపాయె. నేరుగా సముద్రం కాడికి పోతిమి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? లేచిన అల లేచినట్లే నిలబడె. నేను ముక్తాయింపు కొట్టేదాకా కిందికి దిగలే!"

గోపన్న తువ్వాలు ముడి విప్పుతున్నాడు. లేవి అది చూసి పుల్లయ్య మోకాలు తట్టినాడు. "చాలన్నా. ఆయప్ప ఆకులు తీస్తాండాడు."

"ఉండ్రా, అసలుది ఇప్పుడుండాది. ఆ ప్లేటు ఉండాదే గోపన్నా, మాకంటే అదే బాగా వాయిస్తాది! మేము అలిసిపోతాం, అది అలవదు. మా గొంతులు ఎండుతాయి, దానికి నీళ్లు అడగాల్సిన పనిలేదు. వీడు ఒగోనాడు శ్రుతి తప్పుతాడు, అది తప్పేదే లేదు. మేము ఎదురుగా నిలబడి వాయిస్తాంటే, 'మీరుండండప్పా, ప్లేటు పెట్టండి' అంటారు జనం!"

గోపన్న చెయ్యి ముడి మీదే ఆగింది. శేషన్న వైపు తిరిగినాడు.

"శేషన్నా, మైకుసెట్టు బాడుగకు ఇచ్చేటోళ్లు ఈడెవరన్నా ఉండారా?"

"నాకాడనే ఉండాది గదా. ప్లేట్లు తిప్పే పెట్టె కూడా."

గోపన్న లేచి వెళ్లి తాంబూలం శేషన్న చేతిలో పెట్టినాడు.

లేవి తల దించుకున్నాడు. అంతసేపటికి పుల్లయ్య గొంతు తగ్గడం అదే మొదలు.

"గోపన్నా, నిజం చెప్తాండా. ఆ ప్లేటు బాగలేదప్పా. మేము వీధిలోకి పోలేదు, ఆ గదిలోనే గుండ్రంగా తిరిగితిమి. మైకు కాడికి వస్తే వినపడతాది, అవతలికి పోతే వినపడదు. డోలు వచ్చేసరికి క్లారినెట్ పోతాది. టోపీ ఆయన నెత్తి కొట్టుకునె. ఒగరూ కొనలేదు, ప్లేట్లన్నీ లేవి మంచం కిందనే ఉండాయి. ఎదురుగా అయితే బాగా వాయిస్తాం. కావాలంటే ఇప్పుడే విను."

గోపన్న అతన్ని తేరిపార చూసి, ప్రేమగా భుజం మీద చెయ్యి వేసినాడు.

"పెద్ద విద్వాంసులు ఇట్లనే తగ్గించుకోని మాట్లాడతారు, నాకు తెలుసులే పుల్లయ్యా. సముద్రాన్నే నిలబెట్టినోడివి, ఇప్పుడు నాకాడ అబద్ధాలెందుకప్పా?"