గుండుగాడి గిన్నె

కోడలు ఆఫీసులో ఉండగా ఇంటి నుంచి అత్తగారు ఫోన్ చేసింది. ఏం తిన్నా కక్కేస్తున్న కుక్క గుండుగాడిని, వాడిని ఇచ్చిన జంతువుల ఆశ్రమం వాళ్లు ఆ సాయంత్రం తిరిగి తీసుకెళ్లాల్సి ఉంది.

"అమ్మాయ్! గుండుగాడు గిన్నె అద్దంలా నాకేశాడే!"

"మళ్లీ కక్కలేదా అత్తయ్యా?"

"నిన్నట్నుంచి ఒక్కసారీ కక్కలేదు. నా చెప్పు నోట కరుచుకుని పెరడంతా ఒకటే పరుగు!"

"నిజంగానా! ఏం పెట్టారు?"

"చేపా బంగాళాదుంపా కలిపిన కుక్కల తిండి. కోడి పడదని డాక్టరంటే నువ్వు మటన్‌ది తెచ్చావు కదా? ఆ సంచి వెనక చీమ తలకాయంత అక్షరాల్లో కోడి కొవ్వని ఉందే! భూతద్దం పెట్టి చదివాను. కొట్టుకెళ్లి కోడి మాటే లేని సంచి వెతికి తెచ్చాను."

"నాకు చెప్పలేదేం?"

"ఉత్తినే ఆశపెట్టడమెందుకని."

"కుక్కో నేనో తేల్చుకోమన్నారుగా మీరు!"

"అన్నాన్లే. కడుపునొప్పితో నా కాళ్ల దగ్గరే చేరి మూలుగుతుంటే ఎట్లా ఊరుకుంటాను?"

"అయ్యో, ఆశ్రమం వాళ్లు బయల్దేరుంటారు! ఇప్పుడే వద్దని చెబుతాను."

"వాళ్లు ముందే వచ్చి వెళ్లిపోయారు."

"అత్తయ్యా! ఇచ్చేశారా?"

"వాడినెందుకిస్తానే? మిగిలిన ఆ పాత సంచులిచ్చి పంపాను. అక్కడ కోడి పడే కుక్కలు బోలెడున్నాయట!"