నీళ్ళ పెట్టెలో మందు

రెండువేల ఐదు, ఎండాకాలం, మధ్యాహ్నం రెండున్నర దాటింది. మధురానగర్‌లో జాకెట్లు కుట్టే సిద్ధిరాములు టిఫిన్ డబ్బా పట్టుకొచ్చి, పంజాగుట్టలో, కంప్యూటర్ల మీద కొత్త మందులు కనిపెట్టే కూతురి ఆఫీసు మెట్ల మీద కూర్చున్నాడు. మూడో అంతస్తు నుంచి నిరోష దిగొచ్చి, “జారిపోయింది” అంటూ పక్కనే కూలబడింది.

“జారిందంటే? ఏం జారిందే?”

“మందు, బాపూ.”

“ఎక్కడికెళ్ళి?”

“ఒంట్ల జబ్బు తెచ్చే ప్రోటీను మీదికెళ్ళి. మందు దానికి అతుక్కోవాలె.”

“కింద పడితే ఎవలన్న ఎత్తి పెట్టరాదు?”

“నిజం మందు కాదు బాపూ. కంప్యూటర్ల బొమ్మ.”

“నాకెరుక లేదా! మధురానగర్ల సగం మందికి నేనే చెప్పిన. మా నిరోష ఆఫీసుల నలభై కంప్యూటర్లు, మీద పెనం పెడితే దోశ కాలుతదని. మన గల్లీ రాఘవయ్య గారు నోరు తెరిచిండు. ‘ఏంటి సిద్ధిరాములూ, మా షుగరుక్కూడా అందులో ఏమైనా దొరుకుతుందంటావా?’ అన్నడు. రేపు రమ్మన్న.”

“రమ్మన్నవా?”

“మాట వరసకు. తిను. చింతచిగురు పప్పు.”

“ఆకలైతలేదు.”

“రెండు బుక్కలు తిను. మూడు నెలల కిందనే కదనే, సరిగ్గ కూసున్నదంటివి? జాకెట్‌కు చెయ్యి అతికినట్టు?”

“అప్పుడు ప్రోటీను కదలకుండ ఉండె. నిలబెట్టి కొలత తీసుకున్నట్టు. మన ఒంట్ల అది అట్ల ఉండదు. అందుకే నీళ్ళ పెట్టెల ఏసి కదిలిచ్చినం.”

“కంప్యూటర్ల నీళ్ళు పోసిన్రా?”

“అవి సుత బొమ్మ నీళ్ళే. లెక్కలు.”

“ఆ... సమజైంది. నిలబడ్డప్పుడు జాకెట్ మంచిగనే ఉంటది. బస్సెక్కి చెయ్యెత్తి కడ్డీ పట్టుకున్నప్పుడు చంకల పర్రుమంటది.”

“అంతే.”

“అంతేనా? చూసినవా! నేను చదువుకుంటే నీ సీట్ల నేనే కూసుంటుంటి.”

“ఊ.”

“మరి అర ఇంచు లూజు పెట్టున్రి.”

“మందు మార్చాలె. మల్ల మొదటికెళ్ళి. కంపెనోళ్ళు వద్దంటున్నరు. నాలుగింటికి రిపోర్టు ఇయ్యమన్నడు మా పెద్ద సారు అచ్యుతరావు. ఇచ్చినంక గీ పని బంద్.”

“బంద్? అరవై రోజులు మిషిన్లు ఆపకుండ నడిచె కదనే!”

“అరవై రోజులకు ఆ పెట్టె లోపల గడిచింది ఎంతనుకున్నవ్? రెప్పపాటుల కోటో వంతు.”

“పరాచికాలాడకు.”

“లేదు.”

“గంత జరంత టైంల జారిపోయిందా?”

“అందుల సగం కాకముందే.”

“...నిరోషా.”

“ఊ.”

“మీ అమ్మకు చెప్పకు.”

“ఊ.”

“ఊ కాదు. చేతుల వణుకుకు నా బిడ్డనే మందు చేస్తున్నదని దాని ధైర్యం.”

“నేనెప్పుడన్న? పదేండ్లు పడతదేమో, అది సుత అయితే అయితది అన్న.”

“నేను జర ముందుకు జరిపి చెప్పిన.”

“ఎంత?”

“పదేండ్లు. గట్ల చూడకు. రెండు నెలలాయె, మీ అమ్మకు గోలీ ఇస్తున్న. పొద్దున ఒకటి, మాపు ఒకటి. ఉత్త బీకాంప్లెక్సు. అట్ట చింపి తెల్ల కాయితంల పొట్లం కడుతున్న. మా నిరోష కంపెనీది, అమెరికాల సుత దొరకదు, పక్కింటోళ్ళకు చెప్పకు అన్న.”

“ఊ.”

“డాక్టర్ గోలీలు సుత ఇస్తున్న. అవి ఆపుతనా, నేనేమన్న పిచ్చోన్నా?”

“ఊ.”

“తిట్టవా?”

“లేదు.”

“నువ్వు తిడతవని రెండు నెలల సంది నేను సరిగ్గ తింటలేను. తిట్టు.”

“ఎందుకు బాపూ.”

“అయితే అసలు ముచ్చట విను. ఒట్టు, అబద్ధం కాదు. ఆ గోలీ పని చేస్తున్నది! మీ అమ్మ కాంతవ్వ సూదిల దారం ఎక్కిస్తున్నది! రెండేండ్లాయె దాని చెయ్యి సూది పట్టక. ఇప్పుడు రోజు నేను అంచుల హెమ్మింగుకు కూసునేటాల్లకు దారం ఎక్కిన సూదులు దిండుకు గుచ్చి పెడుతున్నది, వరసగ. ఎర్రది, నల్లది, ఆకుపచ్చది.”

“పది.”

“ఆ, పది! నువ్వు సుత చూసినవన్నట్టు.”

“ఎక్కిస్తుంటే చూసినవా నువ్వు?”

“పొద్దుగాల నేను గల్లీల చాయ్‌కు పోయొచ్చేటాల్లకు అయిపోతది. అంత ఫాస్టు. అందుకే చెప్తున్న, మీ కంప్యూటర్‌దే తప్పు. మందు యాడ జారింది? రిపోర్టుల గీ ముచ్చట సుత రాయి.”

“ఏమని?”

“మధురానగర్ల ఒక మనిషికి పట్టిందని.”

“బీకాంప్లెక్సా?”

“మందు పేరు నువ్వు చూసుకో. పట్టిందా లేదా, గదీ. పని బంద్ చెయ్యకున్రి. మల్ల ఊపున్రి. గా పెట్టెల నీళ్ళు ఇంక జర పోయున్రి.”

“గట్ల రాయరాదు బాపూ.”

“నువ్వు రాయకపోతే నేనే సారు కాడికొస్త. మీ అమ్మను సుత తోలుకొస్త. సారు ముంగట సూదిల దారం ఎక్కియ్యమంట. అప్పుడేమంటడు?”

“వద్దు.”

“ఎందుకొద్దు? తోలుకొచ్చిన. ఎదురుంగ చాయ్ హోటల్ల కూసున్నది.”

“అమ్మ వచ్చిందా?”

“రానంటే రానన్నది. సారు పిలిచిండని బతిమాలి ఆటో ఎక్కిచ్చిన. తొవ్వ పొడుగునా మాట లేదు. కొంగుల చేతులు చుట్టుకొని కూసున్నది. గీ ఎండల చలేందే అంటే నవ్వింది.”

“ఏమన్నది?”

“ఏమంటది? ముందు నిరోషను ఒక్కదాన్నే నా కాడికి తోలు అన్నది. సిగ్గు, అంతే. ఇగో, సూది. దారం రీలు. ఎర్రది తెచ్చిన, సారుకు మంచిగ కనబడాలని. లే, తోలుకొద్దాం.”

“కూసో బాపూ.”

“మూడైతుందే, నాలుగింటికి రిపోర్టు అంటివి.”

“సూది ఇటియ్యి.”

“నీకెందుకు?”

“ఇయ్యి. రోజు ఎక్కించేది నేనే. అది బీకాంప్లెక్సని అమ్మకు మొదటి రోజే ఎరుక. ‘బాపు సంబురంగ ఉన్నడు, చెప్పకు’ అన్నది.”