మా బావ రక్తం పరుగెత్తిన వైనం

"కోతలా? నాకా? ఆ అలవాటే లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్తా, వినండి" అన్నాడు మా బావ, రక్తపరీక్షల ల్యాబు ఎదురుగా ఉన్న టీకొట్టు బల్ల మీద సర్దుకుని కూర్చుంటూ.

ల్యాబు తలుపు తీయడానికి ఇంకా అరగంట ఉంది. పరగడుపున రమ్మన్నారు కాబట్టి ఆయన చేతిలో టీ గ్లాసు లేదు. నోరు ఖాళీగా ఉంటే మా బావని ఆపడం ఎవరి తరమూ కాదు. వినడానికి టీకొట్టాయన, చొక్కాకి గుండీ కుడుతున్న పక్క షాపు టైలరు, అక్క తోడుగా పంపిన నేను.

"అప్పట్లో ప్రింటింగు ప్రెస్సులో బైండింగు పని నాది. షిఫ్టుకి ముందు గ్రౌండు చుట్టూ నాలుగు రౌండ్లు కొట్టేవాణ్ని. నాలుగంటే నాలుగే, అబద్ధమెందుకు? ఈ బావమరిది నా వెనకాలే వచ్చేవాడు, అప్పటికి మీసం కూడా రాలేదు. ఏరా, చెప్పు."

"వచ్చేవాణ్ని" అన్నాను. అది నిజమే.

"ఆ నాలుగూ పదయ్యాయి, పదీ నలభై అయ్యాయి. ఒకరోజు పరీక్ష పేపర్ల కట్ట బస్సులో వేయడం మర్చిపోయారు. కట్ట భుజాన వేసుకుని పరుగందుకున్నా. పక్క ఊళ్లో బస్సు ఆగేసరికి స్టాండులో నిలబడి ఉన్నదెవరు? నేనే!"

"బస్సు దారిలో పాడైందేమో" అన్నాడు టైలరు, తల ఎత్తకుండా.

"కొత్త బస్సయ్యా! ఆ తర్వాత ఏమైందో తెలుసా? సంగతి విని ఒక డాక్టరమ్మ వచ్చింది. పరిశోధన చేస్తోందట. ఏళ్ల తరబడి సాధన చేసినవాళ్ల రక్తంలో కొవ్వు ఆమ్లాలు మారతాయా, మారితే ఎలా మారతాయి అని. కొవ్వు ఆమ్లాలంటే తెలుసా మీకు?"

"నూనెలో ఉంటాయి, అవేనా?" అన్నాడు టీకొట్టాయన.

"నూనెలోనూ ఉంటాయి, నీలోనూ ఉంటాయి. కొవ్వుని ముక్కలు చేస్తే వచ్చేవి అవే. పొయ్యికి కట్టెలెలాగో ఒంటికి అవి అలాగ. రోజూ పరుగెత్తేవాడి కండలు వాటిని బాగా వాడుకుంటాయి. అంతవరకూ డాక్టరమ్మ చెప్పింది. మిగతాదంతా ఆవిడకి నా రక్తం చెప్పింది."

డాక్టరమ్మ నిజం. బావతో పాటు నా రక్తం కూడా తీసుకున్నదీ నిజం. మిగతాది ఎలా పెరుగుతుందో నాకు కంఠతా వచ్చు.

"సూది గుచ్చిందో లేదో, లాగక్కర్లేకుండానే రక్తం ట్యూబులోకి ఉరికింది. ఒకటి నిండింది, రెండోది నిండింది, ఐదోది తెచ్చేలోపు నర్సుకి ఆయాసం వచ్చేసింది! ట్యూబుల్ని స్టాండులో పెట్టి భోజనాలకి వెళ్లారు. తిరిగొచ్చి చూస్తే ఏముంది? నా రక్తం ట్యూబు లోపల రౌండ్లు కొడుతోంది!"

"ఎన్ని కొట్టింది?" అన్నాడు టీకొట్టాయన.

"లెక్కపెట్టడానికి మనిషిని పెట్టారు. వాడు కళ్లు తిరిగి పడిపోయాడు. మైక్రోస్కోపులో చూస్తే కొవ్వు ఆమ్లాలన్నీ గీత మీద వరసగా నిలబడి ఉన్నాయట, మడమలు లేపి, విజిలు కోసం! మంచివి ముందు, చెడ్డవి వెనక. మూడు రోజుల్లో ఆ చెడ్డవి కూడా చిక్కి సగమై, బుద్ధి తెచ్చుకుని మంచివైపోయాయి. పరీక్ష చేసే మిషను వేడెక్కిపోతే దానికి తడిగుడ్డ కప్పాల్సొచ్చింది. రిపోర్టు కాగితం చెమటకి తడిసి బయటికొచ్చింది. ఇదంతా ఒకెత్తు. మూడేళ్లుగా మంచం దిగని మనిషికి నా రక్తం ఒక్క చుక్క ఎక్కించారు. లేచాడు. సెలైను స్టాండుతో సహా గేటు దాటాడు. ఇప్పటికీ దొరకలేదు, వాళ్లావిడ ఇంకా వెతుకుతోంది!"

టీకొట్టాయన పాలు పొంగుతున్నా చూసుకోకుండా పడీపడీ నవ్వాడు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చిన ప్రతి చుట్టం దగ్గరా ఇరవై ఏళ్లుగా ఈ కథ విని నవ్వుతూనే ఉన్నాను. నేను చేసిన తప్పు అదే.

పోయిన నెల మేడ మెట్లెక్కుతూ బావ గుండె పట్టుకుని కూలబడ్డాడు. రక్తంలో కొవ్వు హద్దు దాటిందని డాక్టరు మాత్రలు రాశాడు. బావ ఒక్కటీ మింగలేదు. నాది పరుగు రక్తం, ఇందులో ఉన్నది మంచి కొవ్వే, ఈ మాత్రలు కూర్చునేవాళ్లకి అంటూ అక్క మీద ఎగిరాడు. ఈ రోజు మళ్లీ పరీక్ష. ఈ కథ ఇలాగే సాగనిస్తే మనిషి మనకి దక్కడని అక్క పొద్దున్నే ఏడ్చింది.

"సాక్ష్యం కావాలా?" బావ లేచి నిలబడ్డాడు. "ఈ బావమరిది ట్యూబు మీద ఒట్టి ‘ప’ అని రాశారు. పరుగు అని. నా ట్యూబు మీద ఏం రాశారో తెలుసా? ఎర్ర సిరాతో, ‘పో’! అంటే పోటీ! వీడేమో ఉత్త పరుగు, నేను పోటీ మనిషిని!"

"బావా" అన్నాను. "పో అంటే పోటీ కాదు."

"మరేంటి, పొమ్మనా?" అని టైలరు నవ్వాడు.

"పోలిక. పరుగెత్తేవాళ్లతో పోల్చి చూడ్డానికి పరుగెత్తనివాళ్ల రక్తం కూడా కావాలి కదా. అందుకు తీసుకున్నారు నీది. అప్పటికే నువ్వు మానేసి ఎనిమిదేళ్లు."

నవ్వులు ఆగిపోయాయి. నలుగురిలో అనాల్సిన మాట కాదది. ఎప్పుడో, ఇంట్లో, పక్కన కూర్చుని చెప్పాల్సింది.

బావ మెల్లగా బల్ల మీద కూర్చున్నాడు.

"తెలుసురా" అన్నాడు. "రాస్తున్నప్పుడే నర్సుని అడిగాను."

"అసలెందుకు మానేశావు బావా?" ఇన్నేళ్లలో నేనెప్పుడూ అడగలేదు.

"అదే కదా, చెప్పుకోడానికి ఏమీ లేదు. కాలు విరిగిందంటే బాగుండేది. పని ఎక్కువైందన్నా బాగుండేది. ఒక పొద్దున వాన పడింది, పడుకున్నా. రేపు వెళ్దాంలే అనుకున్నా. మానేస్తున్నానని ఆ రోజు నాకు తెలీదురా. తెలిస్తే లేచేవాణ్ని."

ల్యాబు తలుపు తీశారు. లోపల కిటికీ దగ్గర అమ్మాయి ఫారం నింపుతూ, "మాత్రలు వేసుకుంటున్నారాండీ?" అని అడిగింది.

"లేదమ్మా. వేసుకుంటే నేను పరుగెత్తనివాణ్నని ఒప్పుకున్నట్టవుతుందని..."

"అదంతా రాయడానికి ఇందులో చోటు లేదండీ. వేసుకుంటున్నారా, లేదా?"

"లేదు" అన్నాడు బావ. "రేపట్నుంచి..."

ఆ మాట దగ్గర ఆగిపోయాడు. నా వైపు తిరిగాడు. కళ్లలో నీళ్లున్నాయి.

"ఇవాళేరా" అన్నాడు.