కంప్యూటర్‌లోకి దూకిన బావ

మా కంప్యూటర్ బావ టీ కొట్టు బెంచీ మీద కూర్చున్నాడంటే ఇంక పొద్దు తెలీదు. ఆ రోజు కొట్టు పిన్ని గ్లాసులు కనబడట్లేదని గిన్నెలన్నీ ఎత్తి చూస్తోంది. కాసేపట్లో గోడౌన్ వాళ్ళు పని దిగుతారు. గ్లాసుల్లేవంటే అందరూ ఎదురు కొట్టుకి పోతారు, ఒకసారి అలవాటు పడితే మళ్ళీ రారని ఆమె భయం.

"వెతకడమంటే నన్నడగాలి పిన్నీ. ముందు ఆ టీ ఇలా ఇవ్వు, చెప్తా. ఆసుపత్రి వాళ్ళ వెబ్‌సైట్ ఉంది కదా, డాక్టర్ టైము బుక్ చేసుకునేది, అది పొద్దున గుర్రంలా పరిగెత్తి మధ్యాహ్నానికి కూలబడేది. ఆపి మళ్ళీ వేస్తే లేచేది, మళ్ళీ అదే వరస. పెద్ద పెద్ద ఇంజనీర్లే చేతులెత్తేస్తే నన్ను పిలిచారు. నేనలా చూసి ఇది మెమరీ లీకు అన్నా."

"అంటే నీళ్ళు కారతాయా అల్లుడూ?" అన్నాడు టైలర్ మామ.

"కారవు మామా. పేజీ తెరిచినోడికి కంప్యూటర్ కాస్త చోటిస్తుంది. వాడు పోయాక ఆ చోటు వెనక్కి తీసుకోవాలి కదా, తీసుకోదు. వాడెప్పుడో ఇంటికెళ్ళి అన్నం తిని పడుకున్నా, ఇది వాడి చోటు పట్టుకునే కూర్చుంటుంది. ఇంక కొత్తోళ్ళకి చోటేదీ? పిన్నీ, ఇంకోటి."

"గ్లాసుల్లేవురా నాయనా అంటే," అని గొణుక్కుంటూనే పోసింది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? అంతమందిని పట్టుకుని కంప్యూటర్ బరువెక్కిపోయింది. బల్ల కాళ్ళు గచ్చులో దిగబడి కింది అంతస్తులో పళ్ళ డాక్టర్ నెత్తి మీద తేలాయి. ఆయన పాపం ఒక బల్లకాలు పట్టుకుని పన్ననుకుని పీకుతున్నాడు. పైన మాకేమో మెమరీ మోకాలి లోతు."

"ఇందాక కారదన్నావు?"

"అది చిన్నప్పుడు మామా, ఇది ముదిరింది. అందులో కాలు పెట్టినోళ్ళకల్లా మర్చిపోయినవన్నీ గుర్తొచ్చేస్తున్నాయి. ఒక నర్సమ్మకి వాళ్ళ అత్తగారు పెళ్ళిపీటల దగ్గర అన్న మాట గుర్తొచ్చి, అప్పటికప్పుడు ఫోన్ చేసి దులిపేసింది. ఇంక లాభం లేదని మౌస్ వైరు నడుముకి కట్టుకుని, కొస మేనేజర్ చేతికిచ్చి, స్క్రీన్లోకి దూకేశా. పిన్నీ, చెప్తుంటేనే గొంతెండిపోతోంది."

పిన్ని ఆఖరి గ్లాసు ఇచ్చేసింది.

"ఈదుతున్నా, ఈదుతున్నా, అడుగున ఒక్క కోడ్ లైను. దారప్పోగంత ఉంది. వచ్చిన ప్రతోడి చొక్కా పట్టుకుని వదలదు. వదలవే అన్నా, వినలేదు. పళ్ళతో కొరికేశా. అంతే, జనం మొత్తం బయటికొచ్చి పడ్డారు, కంప్యూటర్ దూదిలా తేలికై కిటికీలోంచి లేచిపోయింది, మేనేజర్ వైరు వదల్లేక దాంతో పాటే మేడ మీదుగా..."

గోడౌన్ గంట మోగింది. పిన్ని గబగబా మళ్ళీ గిన్నెలెత్తి చూసింది. మామ వెళ్దామని చెప్పుల కోసం బెంచీ కింద కాలు పెట్టాడు. ఏదో ఖంగుమంది. వంగి చూశాడు.

"అల్లుడూ, కాస్త లే."

"కథ అవలేదు మామా."

"లేవయ్యా."

బావ లేచాడు. ఆయన కాళ్ళ వెనక, పొద్దున్నుంచీ తాగి తాగి తోసిన గ్లాసులు, కొట్టు గ్లాసులన్నీ అక్కడే ఉన్నాయి.

బావ గోడౌన్ వైపు చూశాడు. వాళ్ళప్పుడే గేటు దాటుతున్నారు. చొక్కా చేతులు మడిచాడు. పిన్ని నీళ్ళ బకెట్ తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"త్వరగా కడుగు," అంది. "దూకక్కర్లేదు. చేతులు పెడితే చాలు."