పైనుంచి చూసిన పొలం

పశ్చిమ ఆస్ట్రేలియా గోధుమ సీమలో ఏటా జరిగే వ్యవసాయ ప్రదర్శన అది. చేతిపనుల పోటీ బల్ల దగ్గర వదినా ఆడబిడ్డలిద్దరూ ఒక కుట్టుబొమ్మ ముందు నిలుచున్నారు. ఒకే వాగు మీద ఎగువ పొలం వదినది, దిగువ పొలం ఆడబిడ్డది.

“ఇది మీ పొలమే కదా వదినా? అచ్చం ఆకాశంలోంచి చూసినట్టే కుట్టావు.”

“మందు చల్లే విమానంలో మీ అన్నయ్య తిప్పాడు. కనబడిందంతా కుట్టేశా.”

“అంతానా?”

“దుక్కి చాళ్లతో సహా. మా ఆడబిడ్డగారికి ఏమిటో అనుమానం?”

“వానలు బాగానే పడ్డాయి, మా గొర్రెలకు మాత్రం వాగులో చుక్క నీళ్లు రాలేదు. అన్నయ్య గట్టు వెనక కుంట తవ్వి నీళ్లు ఆపేశాడేమోనని.”

“చూసుకో తల్లీ, గట్టు వెనకున్నది ఎండు బీడు.”

“ఆ బీడొక్కటే ఇంత ఉబ్బెత్తుగా ఉందేం?”

“అక్కడ నేల మెరక కదా.”

“విమానంలోంచి చూస్తే మెరక తెలుస్తుందా వదినా?”

“నీతో వాదించలేనమ్మా. అదిగో, జడ్జమ్మ వస్తోంది.”

“ఆవిడ ఎలాగూ కుట్టు వెనకవైపు తిప్పి చూస్తుంది. ముందు నేను చూస్తా.”

“చూడు. నేను వద్దన్నానా?”

“వదినా! బీడు వెనక ఇంత నీలం దారమా? ఇది నీళ్లే! కుంట కుట్టి, పైన బీడు కప్పావు!”

“నీలం మొత్తం విప్పేయమన్నాడు మీ అన్నయ్య. నేను విప్పలేదు.”

“జడ్జమ్మ వెనక్కి తిప్పితే అందరికీ తెలిసిపోదూ?”

“ఏటా పోటీకి పెట్టేదాన్ని, ఆ మాత్రం నాకు తెలియదా?”